నుదుటి నుంచి దిగిన ముక్కు

మొన్న మా తమ్ముడి కూతురికి ముక్కు కుట్టించడానికి గుడివాడలో ఒక నగల కొట్టుకి వెళ్లాం. ఈ కాలం పిల్లలు చిన్నప్పుడు వద్దని ఏడ్చి, ఉద్యోగాలొచ్చాక సరదాపడి కుట్టించుకుంటున్నారు. కుట్టే ఆయన "ఏ పక్కమ్మా?" అని అడిగాడు. మా పిల్ల జవాబు చెప్పేలోపే నా చెయ్యి నా ముక్కు కుడి పక్కకి వెళ్లింది. నాకు ముక్కుపుడక లేదు, ఎప్పుడూ లేదు. బందరులో ఉండే మా పెద్దమ్మ గుర్తొస్తే చాలు, నా చెయ్యి అక్కడికే పోతుంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. కుడి ముక్కుకి ఎర్రరాయి పుడక లేకుండా ఆవిణ్ణి నేనెరగను. కొన్నేళ్ల క్రితం ఆ పుడక పక్కన పెసరగింజంత పొక్కు లేచింది. కొన్నాళ్లు నున్నగా మెరుస్తూ ఉంది. తర్వాత మధ్యలో చిట్లి, కాస్త రక్తమొచ్చి, పక్కు కట్టేది. పక్కు ఊడితే మళ్లీ మొదలు. పుడక పడలేదని వీధి వీధంతా తేల్చేసింది. మా వైపు ముక్కు మీద ఏం లేచినా నేరం పుడకదే. ముందు రాయి మార్చారు. బంగారంలో రాగి ఎక్కువైందని కంసాలి చేత కొత్తది చేయించారు. తర్వాత అదీ తీసేసి, చిల్లు పూడిపోకుండా వేపపుల్ల గుచ్చారు. మోపిదేవి వెళ్లి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నారు. ఇన్ని తోచిన ఇంట్లో డాక్టరుకి చూపించాలని మాత్రం రెండేళ్లదాకా ఎవరికీ తోచలేదు.

చివరికి పన్ను నొప్పికని వెళ్తే ఆ పళ్ల డాక్టరు పన్ను సంగతి తర్వాత చూద్దామని విజయవాడ పంపించాడు. అక్కడ చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే చర్మ కేన్సరని తేలింది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఈ రకం ఒళ్లంతా పాకడం అరుదట, కానీ వదిలేస్తే ఉన్నచోటే తవ్వుకుంటూ పోతుందట, పూర్తిగా కోసి తీసెయ్యాలట. "ఎండలో బాగా తిరుగుతారా అమ్మా?" అని అడిగింది. "నేనేం పొలాలకి వెళ్తానా తల్లీ, వేసవిలో మేడ మీద వడియాలు పెడతాను, అంతే" అంది పెద్దమ్మ. ఆ వడియాల దగ్గర కాకుల్ని తోలుతూ పొద్దంతా కూర్చుంటుందన్న సంగతి నేను చెప్పాల్సొచ్చింది. ఆవిడ భయం చావు గురించి కాదు. "ముక్కు పోయాక పేరంటానికి ఏ మొహం పెట్టుకుని వెళ్లనే?" అంది నాతో. నవ్వబోయి ఆగిపోయాను. ఆ వీధిలో ఎవరు నోము పట్టినా మొదటి తాంబూలం ఆవిడకే.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పుండుతోపాటు చుట్టూ కాస్త మంచి చర్మం కూడా తీస్తారు. అంచుల్లో ఏమీ మిగల్లేదని పరీక్షలో తేలాక, పాపిట కింద నుంచి నుదుటి చర్మాన్ని పట్టీలా లేపి, కనుబొమ దగ్గర మాత్రం అంటి ఉంచి, మెలితిప్పి ముక్కు మీదికి దించి కుడతారు. అక్కడ కుదురుకునేదాకా అది నుదుటి నెత్తురుతోనే బతుకుతుంది. మూడు వారాల తర్వాత ఆ వంతెన కోసేస్తారు. పెద్దమ్మ భయం మర్చిపోయి బొమ్మ మీదికి వంగి, "అయితే పాపిట్లో కుంకుమ పెట్టుకునే చోటు ముక్కు మీదికొస్తుందన్నమాట" అంది.

ఆపరేషనయ్యాక ఆ మూడు వారాలూ నేను బందరులోనే ఉన్నాను. మొదట్లో ఆ మొహంలోకి చూడడానికి గుండె దిటవు చేసుకోవాల్సొచ్చేది. ఒకరోజు దూదితో ముక్కు మెల్లగా తుడుస్తుంటే "నుదురెందుకు తుడుస్తున్నావే?" అంది. కళ్లు మూసుకోమని మళ్లీ ముక్కే తాకాను. నుదురే అంది. చోటు మారినా ఆ చర్మానికి ఇంకా పాత ఇల్లే గుర్తు. ముక్కు మీద ఈగ వాలితే నుదుటి దగ్గర చెయ్యి విసిరేది. "ఇన్నాళ్లూ మీ పెద్దమ్మకి కోపం ముక్కు మీదుండేది, ఇప్పుడు నుదుటి మీదికెక్కింది" అన్నారు పెదనాన్నగారు. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు కట్టు కట్టిన నుదుటిని చూసి, బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక కంఠం దగ్గర పెట్టి వెళ్లేవారు.

వంతెన కోశాక ఆ చర్మానికి అసలేమీ తెలియకుండా పోయింది. నెలలు పట్టచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. చూడ్డానికి ముక్కు బాగానే ఉంది, కానీ పెద్దమ్మకి నచ్చలేదు. ఎవరిదో తెచ్చి అతికించినట్టుందనేది. శ్రావణమాసమంతా గడప దాటలేదు, తాంబూలాలు ఇంటికే వచ్చాయి. నాకు దిగులేసింది. ముక్కు దక్కింది గాని మనిషి దక్కలేదేమో అనుకున్నాను.

కార్తీకంలో ఒక పొద్దున ఫోన్ చేసింది.

"కాఫీ ఆవిరి తగిలిందే" అంది.

"ఎక్కడ?"

మళ్లీ ఒక గుక్క తాగిన చప్పుడు వినిపించింది. "ముక్కుకి" అంది.

ఫోన్ పట్టుకునే ఏడ్చాను. ఆ సాయంత్రమే ఎదురింటి పేరంటానికి వెళ్లిందట. తర్వాత ఎడమ పక్క కుట్టించుకుని, పాత ఎర్రరాయే మళ్లీ పుడకలో పొదిగించి పెట్టుకుంది.

కొట్టులో మా పిల్ల ఎడమ పక్క కుట్టించుకుంది. "ఎన్నాళ్లకీ మానని పుండేదైనా వస్తే పుడక మార్చకు, డాక్టరు దగ్గరికి వెళ్లు" అన్నాను. "సరే అత్తా" అని అద్దంలో మునిగిపోయింది. డెబ్బై ఏళ్లు నుదురుగా ఉన్న చర్మానికి తానిప్పుడు ముక్కునని తెలియడానికి ఒక వానాకాలం పట్టింది. మేమంతా కంగారుపడుతూనే ఉన్నాం, కాలం మాత్రం ఎవరికీ చెప్పకుండా లోపల ఆ పని చేసుకుపోయింది.