వేల్స్ టోపీకి నేను చేసిన బేరం

ఐర్లండ్‌లో, కార్లో అనే ఊళ్ళో మా పక్కింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేసి వృద్ధుల నర్సింగ్ హోమ్‌కి వెళ్ళబోతూ, ఒక టోపీ అమ్మిపెట్టమని నన్ను పిలిచింది. ఎర్ర మఖమల్ టోపీ, పైన కుచ్చు. వేల్స్ జట్టుకి రగ్బీ ఆడినందుకు వాళ్ళ తాతకిచ్చారట. ఆవిడకి వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ టోపీ, తాత ఫొటో చెత్తలో పడకుండా ఒక ఇంట్లో కలిసి ఉండాలి, అంతే ఆవిడ కోరిక. నన్నే పిలవడానికి కారణం, బట్టల కొట్లో పుట్టి పెరిగానని వీధంతా నేనే చాటుకుని ఉండటం.

తాత బొగ్గుగనిలో పనిచేసేవాడు, శనివారం ఆడేవాడు. ఆ రోజుల్లో ఆటకి డబ్బు పుచ్చుకోవడం తప్పు. దేశం తరఫున ఆడినా చేతికొచ్చేది టోపీయే. ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బువాళ్ళు జీతమిస్తామని వస్తే వెళ్ళిపోయాడు. డబ్బుకి ఆడాడని ఇక సొంతూరి క్లబ్బు గడప తొక్కనివ్వలేదు. మోకాలు పోయాక ఐరిష్ భార్య వెంట ఇక్కడికొచ్చి పంచదార ఫ్యాక్టరీలో చేరాడు.

జీతం ఎంత అడిగాడన్నాను.

"అడగలేదు. వాళ్ళు చెప్పినదానికి తలూపాడు."

నా ప్రాణం ఉసూరుమంది. ఈసారి అలా జరగనివ్వకూడదనుకున్నాను.

మర్నాడు పాత వస్తువులు కొనే ఒకాయన వచ్చాడు. చిమ్మెటలు కొట్టేశాయన్నాడు, కుచ్చు వెలిసిందన్నాడు. వంకలు పెట్టేవాడే కొంటాడని నాకు ధైర్యం. చివరికి ఆయన చెప్పిన ధర ఆవిడకి నచ్చింది. కానీ ఫొటో అక్కర్లేదన్నాడు. రెండూ కలిపితేనే అన్నాను. ఆయన లేచాడు. ఆవిడ వెనక్కి పిలవబోతే చెయ్యి నొక్కాను.

"పిలవకండి. పక్క కొట్టు దాకా వెళ్ళి తనే వస్తాడు."

ఆ వీధిలో పక్క కొట్టు లేదు. ఆయనకి కారుంది. ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇద్దరం కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చున్నాం.

"మీ ఊళ్ళో మామూలుగా ఎంతసేపట్లో వస్తారు?" అంది.

ఈపాటికి రావాలన్నాను.

"మా తాత పక్కన నువ్వుండుంటే గనిలోనే ముసలివాడయ్యేవాడు," అంది, టోపీని ఫొటోతో కలిపి నా ఒళ్ళో పెడుతూ. డబ్బు మాటెత్తితే వినలేదు.

రెండూ ఇప్పుడు మా హాల్లో టీవీ పక్కన ఉన్నాయి. ఇంటికొచ్చిన మనవాళ్ళు ఆ దొర ఎవరని అడుగుతారు. టీ చల్లారేదాకా చెబుతాను.