జాజు గీత

నా చిన్నప్పుడు, ఒక వానాకాలం, కరీంనగర్‌లో మేముండే బస్తీకి గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలతో మనిషి ఒక్క పూటలో పీల్చుకుపోయేవాడు. పేరు పలికితే ఇంట్లోకి వస్తుందని పెద్దవాళ్లు దాన్ని 'అది' అనేవారు.

మందులు పంచడానికి ఒకాయన వచ్చేవాడు. రోగి ఉన్న ఇంటి తలుపు మీద ఎర్ర జాజుతో గీత గీసేవాడు. గుర్తు కోసమే. కాని గీత పడ్డ ఇంటివాళ్లను జనం నల్లా దగ్గరికి రానిచ్చేవారు కాదు. మొదటి గీత పడ్డ ఇంట్లో ఒక ముసలాయన నీళ్లడుగుతూ ఉండేవాడు. ఆ గొంతు మా గోడ దాకా వినిపించేది. ఒక పొద్దున వినిపించలేదు.

మర్నాడు తమ్ముడికి మొదలైంది. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, తలుపు గడియ పెట్టింది. గీత పడితే నీళ్లుండవు, ఆమె గిన్నెలు తోమే ఇళ్లవాళ్లు రావద్దంటారు. వాడి మూలుగు బయటికి పోకుండా నోటికి కొంగు అడ్డం పెట్టి ఒళ్లో ఊపుతూ కూర్చుంది. మందులాయన వస్తే తలుపు సందులోంచే అందరం బాగున్నామని చెప్పింది.

గాజులమ్మే పక్కింటి ఖాలాకు ఎట్లానో తెలిసిపోయింది. ఆ మరుసటి రోజు ఆయన్ని ఆపింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"సాబ్, మా ఇల్లెందుకు ఇడిసిపెట్టినవ్?"

"మీ ఇంట్ల ఎవలు పడలే గద."

"పడేదాంక ఆగాల్నా?"

ఆయన చేతిలోని డబ్బా తీసుకుని తన తలుపు మీద తనే గీసుకుంది. తర్వాత ఎదురింటికి, ఆ పక్కింటికి. ఒకామె చీపురు పట్టుకుని మీదికొచ్చింది. నీ తలుపుకు రంగేసి ఎన్నేండ్లాయె, ఉత్తగనే ఏస్తున్న ఊకో, అని ఖాలా నవ్వింది. వాడకట్టంతా గీసి చివరికి మా తలుపు ముందు నిలబడింది.

"బిడ్డా, గిప్పుడు అందరిది ఒక్కటే తీరు. నల్లా కాడ నిన్నెవలు ఆపరు. తలుపు తియ్."

అవ్వ చాలాసేపటికి తీసింది.

ఖాలాయే తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని, అవ్వతో రిక్షాలో దవాఖానకు పోయింది. వాడు తిరిగి రాలేదు. ఒక్క రోజు ముందొస్తే బతికించేవాళ్లమని అక్కడి డాక్టర్లు అన్నారట.

ఆ తర్వాత మా వాడకట్టులో తలుపులు తట్టకముందే తెరుచుకున్నాయి. మందులాయన ముందు ఖాలా నడిచింది, ఆమెతో మరికొందరు ఆడవాళ్లు. చాలామంది పిల్లలు బతికారు.

ఇప్పుడు మా వైపు ఏ జ్వరం వచ్చినా, ఇంటింటికీ తిరిగే అమ్మాయిలు మా ఇంటి ముందు ఆగి, జనం రోగం దాస్తున్నారని విసుక్కుంటారు. చెబితే వాళ్లకేం పోతుందో ముందు అడగమంటాను. లోపల ఒక తల్లి, మన అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఊపిరి బిగబట్టి ఉండవచ్చు.