కడిగేసిన వాసన

నా చిన్నప్పుడు ఒక దూడకు శుభ్రంగా స్నానం చేయించి దాని ప్రాణం మీదికి తెచ్చాను. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డ దగ్గర మా పల్లెలో నాయనమ్మను జేజి అనేవాళ్ళం.

ఒక వారం మా బర్రెకు పుట్టిన దూడ పుట్టిన పూటే చనిపోయింది. అదే వారం పక్కింటి అక్క బర్రె పాము కరిచి చనిపోయింది. దాని పాలదూడ మిగిలింది. గంజి పడితే సగం కక్కేది. ఆ అక్కకు ఉన్న ఆస్తి ఇక ఆ దూడే. పరాయి దూడను మా బర్రె దగ్గరికి రానివ్వదు. అందుకని మా జేజి, చనిపోయిన దూడను పుట్టగానే తుడిచిన పాత గుడ్డతో అక్క దూడను ముక్కు నుంచి తోక దాకా రుద్దింది. బర్రె వాసన చూసి ఊరుకుంది. దూడ కడుపునిండా తాగింది.

మరునాడు పెద్దవాళ్ళంతా శనగ చేనికి పోయారు. దూడ కొత్త తల్లికి ముద్దుగా కనిపించాలని నేను కుంకుడు రసంతో దాన్ని కడిగాను. ఆ గుడ్డను కూడా ఉతికి ఆరేశాను. మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ కూర్చున్నాను. సాయంత్రం దూడ పొదుగు దగ్గరికి పోగానే బర్రె తన్నింది. దూడ గోడకు కొట్టుకుని పడింది.

“ఏం జేసినావే పాపా దీన్ని?” అంది జేజి.

“గబ్బు కొడ్తాంటే కడిగినా జేజీ.”

“నీకది గబ్బు. దానికది బిడ్డ.”

“పెండ్లికూతుర్ని జేసింది పెద్దమ్మా, మీ పాప,” అని నవ్వబోయిన పక్కింటి అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

జేజి నన్ను కొట్టలేదు. తవుడు నీళ్ళలో ఉప్పు కలిపి గిన్నె నా చేతికిచ్చింది. “కడిగింది నువ్వే, పూసేది నువ్వే,” అంది. రెండు రోజులు దూడ వీపుకు ఆ నీళ్ళు పూస్తూ, బర్రె మూతికి అందేలా పట్టుకుని కూర్చున్నాను. ఉప్పు కోసం బర్రె నాకేది. మూడో రోజు గిన్నె ఖాళీ అయితే లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి బర్రె, ఉప్పు తగలని దూడ మెడను నాకుతోంది. దూడ మెల్లగా పొదుగు కిందికి జరిగింది. బర్రె తన్నలేదు.

“ఉప్పు కోసరమే నాకింది. నాకి నాకి బిడ్డను జేసుకున్యాది,” అంది జేజి.

వాసనతో బిడ్డను పోల్చుకునే, పుట్టుకతో వచ్చే ఇలాంటి గుణాన్ని సహజాతం అంటారని తర్వాత పుస్తకాల్లో చదివాను. అది మారదని కూడా కొన్నిచోట్ల రాశారు. తన్నిన బర్రె, నాకిన బర్రె ఒకటేనని నాకు తెలుసు.

మా ఆయన పోయి మూడేళ్ళు. ఆయన కప్పుకున్న దుప్పటిని ఇప్పటికీ ఉతకలేదు. దాన్ని ముఖానికి ఆనించుకున్నప్పుడల్లా ఆ బర్రెను తప్పుపట్టబుద్ధి కాదు. పైవాటాలో అద్దెకున్నవాళ్ళ పాప, బడి వదిలాక మా ఇంట్లోనే ఉంటుంది. వాళ్ళమ్మ అడిగితే మొదట మొహమాటానికే ఒప్పుకున్నాను. ఇప్పుడు బడి వదిలే వేళకు నా చెవులు మెట్ల మీదే ఉంటాయి. మొన్న ఆ పాప చలికి ముడుచుకుని నిద్రపోతుంటే ఆ దుప్పటే తీసి కప్పాను.