పాల క్యాను, ఇత్తడి ఫ్లోట్

మొన్న కుప్పంలో నా బండి కార్బొరేటర్ కారుతుంటే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను విప్పి, లోపలి ఫ్లోట్‌ను నా చేతిలో పెట్టి, "సెట్టు మార్చేద్దాం సార్, దీంతో యాల తంటాలు" అన్నాడు. నేను ఆలోచించకుండానే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. అతను నవ్వాడు. "అది ప్లాస్టిక్కు సార్. దాంట్లో ఏముంటాది ఇనేదానికి?" నిజమే. నాకు అలవాటైన ఫ్లోట్ వేరే. అది ఇత్తడిది, పదేళ్ల కిందట నా చేతికి వచ్చింది, పుంగనూరులో మా చిన్నాయన బండిది.

చిన్నాయన చుట్టుపక్కల పల్లెల్లో పాలు పోయించుకుని, ఒక పాత మోటార్ సైకిల్‌కు అటొకటి ఇటొకటి క్యాన్లు తగిలించి, టౌన్‌లోని పాల కేంద్రానికి చేర్చేవాడు. ఇంట్లో ఎనుములు చిన్నమ్మవి. వాటి పాలు కూడా ఆ క్యాన్లలోనే వెళ్లేవి. బండి మదనపల్లెలో ఒక టమాటా మండీ వ్యాపారి దగ్గర కొన్నది. అప్పటికే దానికి చిన్నాయనంత వయసుండేది. వసారాలో తన మంచం పక్కనే దాన్ని నిలిపేవాడు. కార్బొరేటర్ కింద ఒక సత్తు గిన్నె పెట్టి, అందులో కారిన పెట్రోలును పొద్దున్నే మళ్లీ ట్యాంకులో పోసేవాడు. పాల మనిషి కదా, చుక్క కూడా కింద పోనిచ్చేవాడు కాదు.

ఒకరోజు కేంద్రంలో మూత తీసిన మనిషి ముక్కు ముడుచుకుని క్యానును వెనక్కి పంపాడు. పాలల్లో పెట్రోలు వాసన. ఇంకోసారి ఇట్లా వస్తే మీ పాలే మాకొద్దన్నారట. చిన్నమ్మ ఆ క్యానును వసారాలో దింపించి, మూత వాసన చూసింది, అంచు వాసన చూసింది, చివరికి మూత సందులోని తుండుగుడ్డను లాగింది. గతుకుల దారిలో పాలు చిందకుండా మూత కింద గుడ్డ కుక్కడం ఆయన పద్ధతి. దారిలో కార్బొరేటర్ తుడిచేది కూడా ఆ గుడ్డతోనే.

"గుడ్డ మారుస్తాలే మే" అన్నాడు చిన్నాయన.

"గుడ్డ మారుస్తావు. ఆ చేతులు యాడ మారుస్తావు? కారేది నిల్సిపోతే బండి ఉండనీ. ల్యాకుంటే ఆదివారం కుప్పం నుంచి పాత ఇనుపాయన వస్తాండాడు, ఎత్తకపోనీ. ఎనుముల్ని మాత్రం నేను ఇడిసేది లేదు."

నేను అప్పుడు మదనపల్లెలో మెకానికల్ డిప్లొమా చదువుతూ, సెలవు దొరికితే వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. ఆ ఆదివారం పొద్దున స్పానర్లు నా చేతికి వచ్చాయి. ఏ పనైనా వరసలో పోతేనే నాకు తోస్తుంది. కారడానికి మూడు కారణాలుండాలి: గిన్నె అంచున వేసే ప్యాకింగ్, పెట్రోలు దారి మూసే సూది, ఫ్లోట్. మొదటిది విప్పగానే దొరికింది. పాల క్యాను మూతకుండే రబ్బరును కత్తిరించి చిన్నాయన ప్యాకింగ్‌గా వేశాడు. అది పెట్రోలులో ఉబ్బి అప్పడంలా ముడతలు పడింది. "పాలకు బాగా నిలబడిందే అప్పా" అన్నాడు ఆయన, రబ్బరు తనకు ద్రోహం చేసినట్టు. బజారులో ప్యాకింగ్ షీటు కొని, కోసి వేశాను. ఇంకా కారింది. సూదిని, అది కూర్చునే చోటును శుభ్రం చేశాను. ఇంకా కారింది. ఈలోగా పాత ఇనుపాయన వచ్చి తిన్నె మీద కూర్చుని, చిన్నమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, టైర్లు కూడా బండితోనే ఇస్తారా అని అడిగాడు. చిన్నాయన సీటు మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

ఇక మిగిలింది ఫ్లోట్. లోపల డొల్లగా ఉండే ఇత్తడి ముక్క అది. పెట్రోలు మీద తేలుతూ, కార్బొరేటర్ గిన్నె నిండగానే సూదిని పైకి నొక్కి దారి మూయాలి. చెవి దగ్గర ఊపితే లోపల ఏదో చుక్క కదిలింది. అంటే ఎక్కడో సన్నటి బొక్క పడి, పెట్రోలు లోపలికి పోయింది. బరువెక్కిన ఫ్లోట్ మునుగుతుంది, దారి మూసుకోదు. కంటికి ఆనని ఆ బొక్కను పట్టుకోవాలంటే వేడినీళ్లలో ముంచాలి. లోపలిది ఆవిరై బుడగలుగా వస్తుంది. వేడినీళ్లంటే పొయ్యి, పొయ్యంటే చిన్నమ్మ.

"నా వంటింట్లోకి పెట్రోలు తెస్తావేంరా?" అని గుమ్మంలోనే ఆపేసింది. కానీ మసిలే నీళ్లను బకెట్‌లో పోసి, పొయ్యికి దూరంగా తనే వాకిట్లోకి తెచ్చింది. పట్టకారుతో ఫ్లోట్‌ను ముంచింది కూడా తనే. ఆవిరికి నా కళ్లద్దాలు మసకబారాయి.

"ఈడ. అతుకు పక్కన" అంది చిన్నమ్మ. "సూడు, చేప ఊపిరి ఇడిసినట్టు వస్తాండాది."

బుడగలు పూర్తిగా ఆగేదాకా ముంచి ఉంచాం. బిందెలకు మాట్లు వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లి, ఎక్కువ వేస్తే బరువుకు మళ్లీ మునుగుతుందని చెప్పి, ఆవగింజంత మాటు వేయించాను. బిగించి, ట్యాంకు కుళాయి తిప్పి, కింద సత్తు గిన్నె పెట్టాం. నలుగురం దాని చుట్టూ నిలబడ్డాం. పాత ఇనుపాయన కూడా వంగి చూశాడు. చాలాసేపయ్యాక చిన్నమ్మ గిన్నె అడుగు తడిమి, వేళ్లు వాసన చూసుకుని, "ఉండనీ" అంది. చిన్నాయన లోపలికి వెళ్లి ఉతికిన గుడ్డ ఒకటి తెచ్చి క్యాను మీద వేశాడు.

"వచ్చినందుకు ఇంకో గ్లాసు మజ్జిగ తాగన్నా" అంది చిన్నమ్మ.

"ఇంకొంచెం పొయ్యి తల్లీ. మజ్జిగకైతే వాసనేం ల్యాదు" అన్నాడు పాత ఇనుపాయన.

ఆ బండి తర్వాత చాలా ఏళ్లు పాలు మోసింది. ఇప్పుడు క్యాన్ల కోసం ఇంటికే ఆటో వస్తుంది. బండి ట్యాంకు ఎండిపోయి వసారాలో ఉంది. పోయిన నెల నేను వెళ్లినప్పుడు ఆటో వచ్చి ఆగింది. చిన్నమ్మ క్యాను మూత ఎత్తి, వంగి వాసన చూసి, మళ్లీ బిగించి పంపింది. డ్రైవరు రోజూ చూసేదే కాబోలు, ఎందుకని అడగలేదు. పెట్రోలు కారడం ఆగడానికి ఒక ఆదివారం సరిపోయింది. చిన్నమ్మ వంగి వాసన చూడడం ఆగడానికి పదేళ్లు కూడా చాలలేదు.