వేరు తెంపాక నెల్లాళ్లు

నాన్న రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యడానికి రెండు నెలల గడువు ఇచ్చారు. ఈ హిందీ ఊళ్లోనే బర్మామైన్స్ పేట నుంచి పర్సుడీహ్ పేటలో మూడో అంతస్తు అద్దె ఇంటికి మారాలి. తీసుకెళ్లాల్సిన సామాన్ల జాబితా రాసి నానమ్మకి చదివి వినిపించాను. అంతా విని ఆవిడ ఒకటే అడిగింది.

"కరేపాకు చెట్టేదిరా ఇందులో?"

ఆ చెట్టు పెరట్లో కుళాయి పక్కన, గోడకన్నా ఎత్తుగా ఉండేది. పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి, అప్పట్లో తాతయ్య పేరున ఉన్న ఈ క్వార్టర్‌కే వచ్చేటప్పుడు నానమ్మ నల్లగా పండిన కాయలు తడిగుడ్డలో కట్టి రైల్లో తెచ్చిందట. గింజ ఎండిపోతే ఇంక మొలవదు. గుప్పెడు గింజల్లో ఒక్కటి బతికింది. అప్పట్లో పక్కింటివాళ్లు దాన్ని మీఠా నీమ్, అంటే తీపి వేప అనేవారు, తెలుగోళ్లు వేపాకు తింటారని నవ్వేవారు. నవ్వడానికేముంది, మన కరివేపాకు పేరులోనూ వేపే ఉంది. కరి అంటే నలుపు. తర్వాత వాళ్లే మజ్జిగ కఢీలోకి రెబ్బలు అడిగి పట్టుకెళ్లేవారు.

నానమ్మ లెక్కలో ఏ ఆకు పని దానిదే. లేతది పచ్చడికి. ముదురుది నీడన ఆరబెట్టి కారప్పొడికి. జ్వరం తగ్గినవాళ్లకి వేడన్నంలో మొదటి ముద్ద ఆ పొడితోనే. పోపులో ఆవాలు చిటపటలాడాకే ఆకు వెయ్యాలి, ముందు వేస్తే మాడుతుంది.

రిటైరయ్యాక నాన్న భోజనం దగ్గర ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఒకసారి మాత్రం, "రిటైరైనోడు కూరలో కరేపాకేనమ్మా" అన్నారు.

"మనింట్లో కరేపాకు తీసి పారేసినోలు ఎవలున్నార్రా? నమిలి మింగు" అంది నానమ్మ.

నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. పద్ధతి ప్రకారం పెన్సిల్ మందం కొమ్మలు నాలుగు కోసి, వేర్లు రావడానికి మందు అద్ది, నాలుగు కప్పుల్లో పాతి, తేదీలు రాసి అంటించాను. మూడు వారాల్లో నాలుగూ నల్లబడ్డాయి. నానమ్మ ఆ కప్పులు చూసి, నన్ను చెట్టు దగ్గరకి తీసుకెళ్లి, మొదలుకి బారెడు దూరంలో లేచిన జానెడు పిలక చూపించింది. పార తెచ్చాను. మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఇప్పుడు తవ్వొద్దు. తల్లి చెట్టు నుంచొచ్చే వేరు తెంపి అక్కడే ఉంచు. నెల్లాళ్లు సొంతంగా నీళ్లు తాగడం నేర్సుకోవాల. అప్పుడు తవ్వు."

లెక్క వేశాను. నెల పోతే మాకు వారం మిగులుతుంది. మట్టి తీసి, చెట్టుకీ పిలకకీ మధ్యనున్న వేరుని హాక్సా బ్లేడుతో కోసి, మళ్లీ కప్పాను. పదో రోజుకి పిలక తల వాల్చేసింది.

"మర్ గయా క్యా, నానమ్మా?" చచ్చిపోయిందా అని అలవాటుగా హిందీలోనే అడిగాను.

"నోర్ముయ్యి. దానికి హిందీ రాదు. ఏటడగాలో దాన్నే అడుగు, తెలుగులో."

చుట్టూ చూశాను, ఎవరూ లేరు. వంగి, "బాగున్నావా?" అన్నాను. నానమ్మ నవ్వలేదు. చెంబుతో నీళ్లు పోసి లోపలికి వెళ్లింది.

నెల తర్వాత మట్టిగడ్డతో సహా లేపి పెయింటు బకెట్లో పెట్టాను. ఆటోలో నానమ్మ దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది. కొత్త ఇంటి బాల్కనీలో వారం తిరక్కుండానే ఆకులన్నీ రాలాయి. ఆవిడ రాలిన ఆకులు ఏరి కొంగున కట్టుకుంది. రోజూ కాసిని నీళ్లు, అప్పుడప్పుడు పలచటి పుల్లమజ్జిగ పోస్తూనే ఉంది. నేను రోజూ గోటితో బెరడు గీకి చూసేవాణ్ణి. లోపల పచ్చగానే ఉండేది. అయిదో వారంలో కొన దగ్గర గోధుమ గింజంత చిగురు కనిపించింది. నానమ్మని పిలిస్తే వచ్చి చూసి, "మరి గీకకు" అంది.

మూడు రెబ్బలు వచ్చేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. తర్వాత ఒక ఆదివారం ఒక్క రెబ్బ తుంచి పప్పుచారు పోపులో వేసింది. గదిలో కిటికీ వైపు తిరిగి కూర్చున్న నాన్న ఎవరూ పిలవకుండానే లేచి వచ్చి పీట వేసుకున్నారు. నానమ్మ గరిటెతో వెతికి ఆకులన్నీ ఆయన కంచంలోనే వడ్డించింది.

నాన్న ఒక్కొక్కటీ నమిలారు. కంచం అంచున ఏమీ మిగల్లేదు.