డ్రిల్లు మేష్టారు వలలో పడ్డ రోజు

ఊరందరికీ అతను వలమామ. పెళ్ళాం మాత్రం "ఇదిగో" అంటుంది. తీరంలో చేపలు మొహం చాటేసి ఏడాదైంది. మొగుడు ఉత్త వల లాక్కొస్తుంటే, చేపలమ్మే ఆవిడ ఎన్నాళ్ళని ఖాళీ బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంటుంది? తమ్ముడితో మాట్లాడి ఐస్ ఫ్యాక్టరీలో అతనికి కాపలా పని ఖాయం చేసేసింది. మంచుగడ్డలేమైనా లేచిపోతాయా, వాటికి కాపలా ఏమిటని మామ ఏడుపు. బతిమాలగా బతిమాలగా ఆవిడ మెత్తబడింది.

"సరే, ఒడ్డు మీద ఆ చేతులతో డబ్బొచ్చే పని ఒక్కటి చేసి చూపించు. లేదంటే సోమవారం నుంచి ఫ్యాక్టరీకే."

సరిగ్గా అప్పుడే బడి డ్రిల్లు మేష్టారు ఫుట్‌బాల్ గోలుకి వల కట్టమని అడిగారు. మామ ఆ ఆట ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

"లోపల పడ్డ బంతి జారిపోకూడదు, అంతే," అన్నారు మేష్టారు.

జారిపోకుండా పట్టడం మామకి వెన్నతో పెట్టిన విద్య. నోరు వెడల్పు, గొంతు ఇరుకు, వెనక పెద్ద సంచీ, లాగితే మూతి బిగుసుకునే తాడు. తిండీ నిద్రా మాని అల్లేశాడు.

పోటీ రోజు మొదటి గోలు పడింది. బంతి గొంతులోంచి జారి సంచీలో చేరింది. దాన్ని తేవడానికి దూరిన గోల్‌కీపర్ పిల్ల బొత్తాం తగులుకుని అక్కడే ఉండిపోయింది. ఆ పిల్లని లాగడానికి ఇద్దరు, ఆ ఇద్దర్నీ తిట్టడానికి ఈల నోట్లో పెట్టుకుని మేష్టారు. వల బరువుగా ఊగింది. అది చూసేసరికి మామకి ఒళ్ళు తెలియలేదు.

"పడింది, లాగండర్రా," అని పరిగెత్తుకెళ్ళి తాడు లాగేశాడు.

మైదానం పగలబడి నవ్వింది. లోపల్నుంచి ఈల మోగుతూనే ఉంది. చేసిన పని అప్పటికి తెలిసొచ్చి మామకి పై ప్రాణాలు పైనే పోయాయి. పెళ్ళాం జనాన్ని తోసుకుంటూ వచ్చి, నడుం మీద చెయ్యేసి వలలోకి తొంగిచూసింది. తర్వాత బజారు గొంతు విప్పింది.

"తాజా సరుకు, ఇప్పుడే ఒడ్డుకొచ్చింది. మీసాలున్నది ఒక్కటే ఉంది, ఎవరిక్కావాలి?"

"మాకొద్దు, మీరే ఉంచుకోండి," అన్నారు బడి పిల్లలంతా.

వల కుదిలిపోయేలా నవ్వింది మేష్టారే.

తాడు వదిలితే బయటికొచ్చిందీ ఆయనొక్కరే. లోపలున్నవాళ్ళు రామన్నారు, బయటున్నవాళ్ళు దూరతామని తోసుకున్నారు. ఆట అటకెక్కింది.

"గోలుకి మామూలు వల కట్టు మామా," అన్నారు మేష్టారు జుట్టు సర్దుకుంటూ. "దీన్ని ఆ మూల గుంజలకి వేలాడదీయి, పిల్లలు ఆడుకుంటారు. అవతలి జట్టు మేష్టారు కూడా తమ బడికి ఇలాంటిదే కావాలంటున్నారు."

పెళ్ళాం ఏమంటుందోనని మామ అటు తిరిగితే, ఆవిడ అప్పటికే సగం వలలో ఉంది.

"కాపలాకి ఇంకెవర్నైనా చూసుకోమని మా తమ్ముడికి చెప్పు," అంది. "ముందు నన్ను లోపలికి తోయి."