అన్నయ్య వదిలేసిన మాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం రేపల్లె నుంచి వదిన ఫోను. తన పేరు కనపడితే చాలు, ఇప్పటికీ నాకు గుండె జారిపోతుంది. "ఏంటి వదినా?" అన్నాను. "ఏం లేదే అమ్మాయ్, టీవీలో మన బ్యాండు మేళం సినిమా వస్తోంది, పెట్టుకో" అంది. హమ్మయ్య అనుకుని కూలబడ్డాను.

అదో హిందీ హాస్య చిత్రం. పెళ్లిళ్లలో బ్యాండు వాయించే కొడుకు, జబ్బు దాచుకుని బాబాల చుట్టూ తిరిగే తల్లి. ఆస్పత్రికి రానని ఆమె మొండికేస్తే, చివరికి మేళంతో ఊరేగించి మరీ తీసుకెళతాడు. అది చూసి ఊళ్లో ఆడవాళ్లంతా వెనకాలే బయల్దేరతారు. జనం విరగబడి నవ్విన సినిమా. నాకు మాత్రం అది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అన్నయ్య రేపల్లెలో హిందీ మాస్టారు. తెనాలికి హిందీ సినిమా వస్తే చాలు, వదినను వెంటబెట్టుకుని రైలెక్కి మా ఇంటికొచ్చేసేవాడు. మా ఇద్దరికీ ముక్క హిందీ రాదని అన్నయ్య నమ్మకం. అంచేత హాల్లో మా మధ్యన కూర్చుని ప్రతి మాటా తెలుగు చేసి చెప్పేవాడు, గుసగుసగా కాదు, క్లాసులో పాఠం చెప్పినట్టే. చుట్టుపక్కల వాళ్లు కసురుకోకపోగా, "మాస్టారూ, కాస్త గట్టిగా చెప్పండి" అనేవాళ్లు. తెర మీద జోకు పేలిన కాసేపటికి గానీ మా వరసల్లో నవ్వు పుట్టేది కాదు. "ఆలస్యమైతే ఏంటి, నవ్వేమన్నా పాచిపోతుందా?" అనేవాడు అన్నయ్య.

ఈ బ్యాండు మేళం సినిమాకు వెళ్లిన రోజూ అలాగే నవ్వుతున్నాం. తెర మీద తల్లి వంటింట్లో కొడుకు చెయ్యి పట్టుకుని మెల్లగా ఏదో చెప్పింది. అన్నయ్య చటుక్కున ఆగిపోయాడు. "ఏమందీ?" అన్నాను. "ఏదో ఆడవాళ్ల గొడవలే" అని గొంతు సవరించుకున్నాడు. నలుగురిలో సిగ్గు మరి! వదిన వైపు చూద్దును కదా, రెండు చేతులూ గుండెల మీద ముడుచుకుని వణికిపోతోంది.

ఇంటర్వెల్లో నన్ను పక్కకు లాక్కెళ్లి చెప్పింది. రొమ్ములో గడ్డ, నెలల నుంచీ ఉందట. అన్నయ్య పిల్లలకు చెప్పే ట్యూషన్లు వంటింట్లోంచి వినీ వినీ తనకు హిందీ వచ్చేసిందట. తెర మీద తల్లి చెప్పిందీ అదేనట. "మీ అన్నయ్యతో అన్నావంటే నా మీద ఒట్టే" అంది. మా పెద్దమ్మ ఇలాగే దాచుకుని దాచుకుని పోయింది.

తెనాలిలోనూ రేపల్లెలోనూ మమ్మల్ని ఎరగనివాళ్లు లేరు. అందుకని ఎలాగో వదినను ఒప్పించి బాపట్ల ఆస్పత్రికి బయల్దేరదీశాను. అన్నయ్యకు గుడికని చెప్పి, నమ్మకంగా ఉండాలని సంచిలో కొబ్బరికాయలు కూడా పెట్టుకుని వెళ్లాం. తీరా అక్కడ చీటీలు రాసే అమ్మాయి లేచి నిలబడి, "నమస్కారమండి మేడం! సార్ బాగున్నారా అండి?" అంది. అన్నయ్య దగ్గర చదువుకున్న పిల్ల! ఇంకెప్పుడైనా అయితే పడీ పడీ నవ్వేదాన్ని. డాక్టరమ్మ నవ్వుతూనే పలకరించింది, చెయ్యి వేసి చూశాక నవ్వలేదు. సూదితో పరీక్షకు తీసి, "రిపోర్టుకి మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా" అంది. తిరిగొచ్చే దారంతా వదిన కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తనను ఒంటరిగా పంపలేక నేనూ రేపల్లె వెళ్లాను.

అన్నయ్య ఉప్మా తింటూ సంచిలోకి తొంగిచూశాడు. "అదేంటి, కాయలు కొట్టకుండానే తెచ్చారూ?"

వదిన తలెత్తి హిందీలో ఏదో అంది. అన్నయ్య చెయ్యి ఉప్మాలోనే ఆగిపోయింది. భార్య నోట హిందీ వినడం అదే మొదలు. "ఏమందన్నయ్యా?" అన్నాను, ఏమై ఉంటుందో తెలిసి కూడా. ఈసారి ముక్క వదలకుండా తెలుగు చేశాడు. "రొమ్ములో గడ్డ ఉందట. భయంగా ఉందట. నా చెయ్యి వదలకండి అంటోంది." ఎంగిలి చేత్తోనే వదిన చెయ్యి పట్టుకున్నాడు.

రిపోర్టు మేం భయపడినట్టే వచ్చింది. ఆపరేషనూ, రాలిన జుట్టూ, తిండి సయించని రోజులూ అన్నీ అయ్యాయి. వేళకు వచ్చారు కాబట్టి సరిపోయిందన్నారు. ఇప్పుడు కులాసాగానే ఉంది. అయినా ఏటా పరీక్షల రోజులొస్తే నాకు నిద్ర పట్టదు.

మొన్న ఫోన్లో వెనక నుంచి అన్నయ్య గొంతు వినపడింది. వంటింటి సీను వచ్చినట్టుంది, హిందీ వచ్చిన పెళ్లానికి పొల్లుపోకుండా తెలుగు చేసి చెబుతున్నాడు. అన్నయ్య అన్నది నిజమే, ఆలస్యమైనా నవ్వు పాచిపోదు. భయాన్ని మాత్రం ఏ పూటకాపూట చెప్పేసుకోవాలి.